తిట్ల పిలుపు

ఆ పొద్దున ఆకాశం ఉల్లిపొర మాదిరి ఉండింది. పల్చగా, లేత ఎరుపుగా. మబ్బు ఉందని నమ్మడానికి లేదు, లేదని చెప్పడానికీ లేదు. అట్లాంటి ఆకాశం కింద, కాలువ గట్టు మీదుగా, ఒక తెల్ల జీపు మా కొత్తబురుజులోకి వచ్చింది.

దిగినామె పేరు డాక్టరు రత్నమాణిక్యం. సూది వేసే డాక్టరు కాదు, చదువుల డాక్టరు. కాకినాడ దిక్కు మనిషి. చేతిలో సద్దిగిన్నె అంత తెల్ల పెట్టె ఉంది. ముందర జల్లెడ మాదిరి సన్న తూట్లు, పైన అంకె వెలిగే అద్దం. నిచ్చెన వేసుకొని, ఉసేనప్ప టీ అంగడి ముందర స్తంభానికి దాన్ని బిగించింది.

"ఇది మీ మాటలు దాచుకోదండి. మీరు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకుంటున్నారో వింటుంది. ఈ ఊళ్లోవాళ్లు ఒకరినొకరు ఎంత నమ్ముతారో నూటికి ఒక అంకె చూపిస్తుంది. అంతే."

"నమ్మితే ఏమొస్తాది మేడమ్?" అన్నాడు ఉసేనప్ప, టీ వడపోస్తూనే.

"పక్కింటివాణ్ణి నమ్మేవాళ్లు ప్రభుత్వాన్నీ నమ్ముతారండి. ఎవరూ అడగకుండానే తమ వంతు పని చేస్తారు. అలాంటి ఊరికి తూము తాళం ఇచ్చేయొచ్చని పై వాళ్ల ఆలోచన. అంకె డెబ్బై దాటితే తాళం మీ చేతికి."

తూము తాళం అనే మాటకు అంగట్లో ఉన్న అందరమూ తలలెత్తినాం.

మా పిల్లకాలువకు నీళ్లొదిలే తూముకు తాళం ఉంది. అది టౌనులో ఉండే కాంట్రాక్టు కాపలావాడి జేబులో ఉంటుంది. వానికి గుర్తొచ్చిన రోజు తూము లేస్తుంది. పోయినేడు వాడు ఎవరిదో పెండ్లికి పోయినాడు. నాది చివరమడి. అందరి పొలాలూ తడిసినాక నా ఉల్లికి నీళ్లు రావాల. రాలేదు. నారు నిలబడిన చోటే ఎండిపోయింది. ఈ ఏడు కూడా నారు పోసినా. ఆ తాళం ఎవరికి కావాలో లేదో, నాకు కావాల.

ఇంతలో ఉరుకుందు వచ్చినాడు. వాంది పైమడి, తూము పక్కనే. బళ్లో ఒకే పలక మీద రాసుకున్నాం మేమిద్దరం. ఇద్దరికీ కలిపి దేవుడు ఒకే నోరు ఇచ్చి, దాన్ని వానికే పెట్టినాడు.

"ఒరే మూగనాయాలా! పొద్దున్నే దున్నపోతు మాదిరి నిలబడి చూస్తాండావు, ఆయమ్మ ఒక్కతే నిచ్చెన మోస్తా ఉంటే చేతులు పడిపోయినాయా నీకు? నీ మొగం మండ, టీ తాగినావా లేదా?"

నేను బల్ల మీద జరిగి చోటిచ్చినా. పెట్టె కీచుమంది. అద్దం మీద పదకొండు.

డాక్టరమ్మ అంకె చూసి, మా ఇద్దరి దిక్కు తిరిగింది. "మీ ఇద్దరికీ పాత కక్షలేమైనా ఉన్నాయా అండి?"

"కక్షనా?" ఉరుకుందుకు నవ్వు ఆగలేదు. "వీని ఎద్దు చస్తే నా ఎద్దును తోలిచ్చినా మేడమ్. దొంగనాయాలు, దానికి కడుపుకు గడ్డి కూడా వెయ్యలే!"

ఏడు.

తర్వాత మేమిద్దరం ఎప్పటి మాదిరే మాట లేకుండా టీ తాగినాం. అద్దం మీద అంకె పోయి రెండు మాటలు వెలిగినాయి: మాట లేదు.

"ఎవరూ మాట్లాడకపోతే ఇది ఏమీ చెప్పలేదండి," అంది డాక్టరమ్మ.

అట్లయితే నా గురించి అది ఎప్పటికీ ఏమీ చెప్పలేదనుకున్నా.

*

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాల.

ప్రతి ఏడూ నీళ్లు వదిలే ముందర కాలువ పూడిక తీస్తాం. ఇంటికొకరు పార పట్టుకొని రావాల. రమ్మని దండోరా ఉండదు. ఉరుకుందు తెల్లవారుజామున వీధెంట నడుస్తా ఇంటింటినీ తిడతాడు. వాని నాయన కూడా అట్లే పిలిచినాడు. ఏ ఇంటికి ఆ ఇంటి తిట్టు ఉంటుంది. "ఉసేనప్పా, నీ టీ కంటే కాలువలో బురద చిక్కగా ఉండాది, లేయ్!" "ఒరే మద్దిలేటీ, నోరు ఎట్లాగూ పని చెయ్యదు, చేతులన్నా పని చెయ్యనీ!" ఆ మద్దిలేటిని నేనే.

వీధి చివర నరసక్కవ్వ ఒక్కతే ఉంటుంది. పార ఎత్తలేదు. ఆమె ఇంటి ముందర కూడా నిలబడతాడు. "ముసిలీ, ఇంకా పోలేదా నువ్వు? సరే, ఉంటే ఉన్నావుగానీ మజ్జిగ చేసుకొని రా!" అవ్వ ఆ తిట్టు కోసం ముందు రోజే పాలు తోడేస్తుంది.

తిట్టు పడని ఇల్లు ఊళ్లో లేనట్టే లెక్క.

మర్యాద మాకు తెలీక కాదు. తాసీల్దారు వస్తే "రండి సార్, కూచోండి సార్" అంటాం. పోట్లాడుకొని మాటలు మానుకున్న అల్లుణ్ణీ అట్లే అంటాం. దూరంగా ఉంచాల్సిన మనిషికి వేసే కుర్చీ అది.

ఇదంతా పెట్టెకు ఎట్లా తెలుస్తుంది?

మాకు తెలిసిందల్లా అంకె ఏడు అని. సర్పంచి తిరుపాలక్క ఆ పొద్దే అందరినీ పిలిచింది. "వినండప్పా. తాళం కావాలంటే నోళ్లు కడుక్కోండి. ఈ పొద్దు నుంచి రా లేదు, పో లేదు. గారు, అండి. ఉరుకుందూ, ముఖ్యంగా నువ్వు."

"అట్లే కానీ తిరుపాలమ్మ గారండీ," అన్నాడు ఉరుకుందు, నడుం వంచి. అందరూ పడి పడి నవ్వినారు.

మొదట్లో అది ఆటే. ఉసేనప్ప టీ ఇస్తా "తమరు సేవించండి" అనేవాడు. నేను ఇంటికి పోయి సుంకులమ్మతో "అన్నం పెడతారా?" అన్నా. నా పెండ్లాం గంటె కింద పెట్టి వచ్చి నా నుదురు పట్టుకొని చూసింది. "జ్వరమైతే లేదే," అంది.

అంకె ముప్పై అయింది. యాభై అయింది. డెబ్బై దాటిన రోజు ఉసేనప్ప అందరికీ ఊరికే టీ పోసినాడు.

ఆట అలవాటు కావడం ఎవరూ కనిపెట్టలేదు. మనిషితో ఒక మాట మాట్లాడి, వాని ముఖం చూడకుండా పెట్టె దిక్కు చూడటం నేర్చుకున్నాం. వీధిదీపం ఆరిపోయింది. ముందైతే "ఈ గవర్నమెంటు కండ్లు కాకులు పొడవ, ఎన్నిసార్లు చెప్పాల" అని తిట్టుకుంటా ఆఫీసుకు పోయి, దీపం వేయించుకొనే వచ్చేవాళ్లం. గవర్నమెంటు కూడా మా ఇంటి మనిషే కదా, తిడితే పలుకుతాది అని ధీమా. ఇప్పుడు "వారికేమి ఇబ్బందులున్నాయో లెండి" అనుకున్నాం. తిట్టడం మానేసినాక అడగడం కూడా మానేసినాం. చీకట్లోనే నడిచినాం.

ఒక రోజు నా మేక పోయి ఉరుకుందు కందిచేలో పడింది. ముందైతే వాడు మేకను కట్టేసి, మేపి, సాయంత్రం వీధంతా వినబడేటట్టు నన్ను తిట్టి అప్పజెప్పేవాడు. ఆ రోజు మేకను తోలుకొచ్చి గుమ్మం బయట నిలబడినాడు.

"పర్లేదండి మద్దిలేటి గారూ. పెద్ద నష్టమేం లేదండి."

లోపలికి రాకుండానే పోయినాడు. పెట్టె మా ఇంటికి చాలా దూరం. దాని కోసం అన్న మాట కాదది.

సుంకులమ్మ వాకిట్లోనే నిలబడింది. "మీ ఇద్దరూ ఎప్పుడు పోట్లాడుకున్నారు?" అంది.

నేను మేకను కట్టేసినా.

*

పూడిక తీసే రోజు ఉరుకుందు వీధిలోకి రాలేదు. తిరుపాలక్క మైకులో చెప్పించింది: "గ్రామ ప్రజలకు విజ్ఞప్తి. పని చేయగలిగిన వారందరూ దయచేసి కాలువ వద్దకు రావలసిందిగా కోరుతున్నాము."

మైకు చక్కగా వినబడింది. ప్రతి ఇంట్లోనూ అది పక్కింటివాళ్లకు చెప్తాండారని అనుకున్నారు. కాలువ దగ్గర తిరుపాలక్క, ఉసేనప్ప, నేను, ఇంకో ఇద్దరు. జమ్ముగడ్డి మనిషెత్తు పెరిగి ఉంది. కొంచెం సేపు పీకి, ఒకరి ముఖం ఒకరు చూసుకొని ఇండ్లకు పోయినాం.

నరసక్కవ్వ తోడేసిన పెరుగుకుండ ముందర పెట్టుకొని అరుగు మీద కూచోనుంది. "పని చేయగలిగిన వాళ్లంట నాయనా," అంది నన్ను చూసి. "నేను లేనంట."

ఆ సాయంత్రం బడి గదికి పాలు తీసుకుపోయినా. డాక్టరమ్మ అక్కడే దిగింది. ఆమె సంతోషంగా ఉండింది.

"ఎనభై ఆరండీ మద్దిలేటి గారూ! ఏ ఊళ్లోనూ ఇంత రాలేదు. ఎల్లుండి ఇంజనీరు గారు వచ్చి అంకె చూసి తాళం ఇచ్చేస్తారు. అదే రోజు నీళ్లు కూడా వదులుతారట."

"కాలువ చూసినారా మేడమ్?" అన్నా.

ఆ వారంలో నేను మాట్లాడిన పెద్ద మాట అదే అయ్యుంటుంది. ఆమె అంగడి దగ్గరి దాని మాదిరే ఉన్న చిన్న చేతిపెట్టె ఒకటి సంచిలో వేసుకొని నాతో వచ్చింది. పొద్దు ఇంకా ఉంది. జమ్ములో ఒక కొంగ నిలబడితే దాని మెడ కూడా అగపడలేదు.

"ఇలా నీళ్లు వదిలితే?"

"ఉరుకుందు మడి దగ్గర గట్టు తెగుతాది. వాంది మునుగుతాది. నాది ఎండుతాది."

"మరి ఎనభై ఆరు ఎలా వచ్చిందండి? నమ్మకం ఉన్నచోట పని జరగాలి కదా. మేం కట్టిన సిద్ధాంతమే అది." ఆమె గట్టు మీద అటూ ఇటూ నడిచింది. "పని ఎందుకు జరగలేదు?"

ఇంతలో ఆమె ఫోను మోగింది. నొక్కడంలో పొరపాటు పడిందేమో, అవతలి గొంతు కాలువంతా వినబడింది.

"ఏవే ముదనష్టపుదానా! బతికున్నావా? ఫోను చెయ్యడానికి వేళ్లు అరిగిపోయాయా? ఆ ఎండల్లో కాకిలా అయిపోయుంటావు. తిన్నావా, తిన్లేదా?"

"తిన్నాను అమ్మమ్మా, తర్వాత చేస్తా," అని ఆమె గబగబా పెట్టేసింది.

సంచిలో చేతిపెట్టె కీచుమంది. బయటికి తీసింది. తొమ్మిది.

ఆమె దాని దిక్కు చూసింది, ఫోను దిక్కు చూసింది. ఉన్నట్టుండి నవ్వు మొదలైంది. నిలబడలేక గట్టు మీద కూచుంది. "మా అమ్మమ్మకీ నాకూ మధ్య నమ్మకం తొమ్మిదట అండీ! నన్ను ఎత్తుకుని పెంచింది ఆవిడే!"

నాకూ నవ్వొచ్చింది. తర్వాత ఆమె నవ్వు మెల్లగా ఆగిపోయింది.

"మేం దీనికి మాటలు ఎక్కడ నేర్పించామో తెలుసా అండి? ఆఫీసుల్లో. బ్యాంకుల్లో. రైల్వే కౌంటర్ల దగ్గర. కొత్తవాళ్లు కొత్తవాళ్లతో మాట్లాడే చోట. ఇళ్లల్లో ఎలా మాట్లాడుకుంటారో ఇది విననే లేదు." పెట్టెను ఒళ్లో పెట్టుకొని, పాడైపోయిన కాయను చూసినట్టు చూసింది. "ఏళ్ల తరబడి చేశానండి దీన్ని."

కొంగ లేచి పోయింది.

"మీరు కాలువ సంగతి చూడండి," అంది చివరికి. "అంకె సంగతి నేను చూసుకుంటా. కానీ ఒకటి. తిట్టుకున్నారంటే అంకె పడిపోతుంది. ఆ సారు అంకె చూసే మనిషి. తాళం రాకపోవచ్చు."

"కాలువ లేకుండా తాళం ఏం చేసుకోను మేడమ్," అన్నా.

*

మరుసటి రోజు పోయి, వీధెంట తిట్టి అందరినీ పిలవమని అడిగితే ఉరుకుందు ఒప్పుకోలేదు. మంచం మీద కూచొని, నన్నూ కూచోమని కుర్చీ చూపించినాడు. వాని ఇంట్లో నేను ఎప్పుడూ కుర్చీలో కూచోలేదు.

"సర్పంచమ్మ గారు వద్దన్నారు కదండి. నోరు తుడుచుకున్నానండి."

"ఉరుకుందూ."

"ఎన్నేండ్లు పిలిచినానండి నేను? ఒద్దన్న రోజు ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, వాడు పిలవకపోతే ఎట్లా అని అడిగినారా? మీరు అడిగినారా?"

అడగలేదు. కుర్చీలో కూచోకుండానే వచ్చేసినా.

ఇంజనీరు వచ్చే రోజు తెల్లవారింది. ఇంట్లో కూచుంటే నాకు ఒక సంగతి తట్టింది. ఊళ్లో ప్రతి ఇంటికీ తిట్టు ఉంది. తిట్టేవాని ఇంటికే లేదు. వాన్ని ఎవరు పిలిచినారు? వాని నాయన పోయినాక ఎవరూ పిలవలేదు. ఎవరూ పిలవకుండానే ప్రతి ఏడూ వాడు ముందర లేచినాడు.

నేను పార తీసుకొని పోయి వాని వాకిట్లో నిలబడినా. గొంతు సవరించుకున్నా. వీధిలో ఇద్దరు ముగ్గురు తలుపులు తీసి చూసినారు.

"ఒరే ఉరుకుందూ!" అరిచినా. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "దొంగనాయాలా... నువ్వు... నీ..." తిట్టు దొరకలేదు. ఇన్నేండ్లు విన్నవన్నీ ఒక్కసారి ఎక్కడికో పోయినాయి. "నువ్వు ఇప్పుడు కాలువకు రాకపోతే... నేను నీతో మాట్లాడను రా!"

తలుపు తీసుకొని ఉరుకుందు వచ్చినాడు. కండ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏమన్నావురా?"

"మాట్లాడను అన్నా."

"నువ్వు ఎప్పుడు మాట్లాడినావురా, ఇప్పుడు మానేదానికి? మూగనాయాలా! ఇంత చచ్చు తిట్టు నా జన్మలో వినలేదు కదరా! మా నాయన వింటే మళ్లీ చస్తాడు!"

నా భుజం మీద చేత్తో ఒక్కటి వేసినాడు. ఇంకా మండుతానే ఉంది. ఆ చేత్తోనే పార అందుకొని వీధిలో పడినాడు.

"ఉసేనప్పా! నీ టీ కంటే కాలువలో బురద చిక్కగా ఉండాది, లేయ్! తిరుపాలక్కా! కుర్చీ నీకు అతుక్కున్నాదా, నువ్వు కుర్చీకి అతుక్కున్నావా? మైకులో కూసినావు కదా, పార తీసుకొని రా! ఏయ్ పీనుగుల్లారా, బతికుంటే బయటికి రాండి!"

తలుపులు తెరుచుకుంటానే పోయినాయి. "వస్తాండా ఉండురా, నీ గొంతు పడిపోను!" అని లోపల్నుంచే బదులు తిట్లు. తిరుపాలక్క కొంగు బిగించుకుంటా వచ్చి, "అంకె పోతే నీ వీపు చీరేస్తా," అని వానికంటే ముందర నడిచింది. వీధి చివర ఉరుకుందు నిలబడినాడు. కొంచెం మెల్లగానే అన్నాడు.

"ముసిలీ. ఇంకా పోలేదా నువ్వు?"

"నీ కర్మ చూడందే పోతానా నాయాలా," అంటా నరసక్కవ్వ కుండ ఎత్తుకొని వచ్చింది.

టీ అంగడి దగ్గర పెట్టె కీచుకీచుమని మొత్తుకుంటాంది. దాన్ని దాటిపోతా చూసినా. మూడు.

*

ఇంజనీరు సారు వచ్చేసరికి ఊళ్లో కుక్కలు తప్ప ఎవరూ లేరంట. ఆయన పెట్టె చూసి, మూడు చూసి, మళ్లీ జీపు ఎక్కబోయినాడంట. డాక్టరమ్మ పెట్టెను స్తంభం నుంచి ఊడబెరికి చంకలో పెట్టుకొని, "ఒక్కసారి కాలువ దాకా రండి సార్," అని తీసుకొచ్చింది.

జమ్ము సగానికి పైగా గట్టుకెక్కింది. మోకాళ్ల దాకా బురదలో మేము. ఆ చివర్నుంచి ఈ చివరికి తిట్లు పోతాండాయి, తట్టలు వస్తాండాయి. సారు తెల్ల చొక్కాతో గట్టు మీద నిలబడి విన్నాడు.

"ఇదేమిటండి, వీళ్లు ఒకరినొకరు చంపుకునేట్టున్నారు?"

"నా పెట్టె కూడా అదే అంటోంది సార్," అంది ఆమె. "పెట్టె తప్పు. రిపోర్టులో అలాగే రాస్తాను. దీనికి చెప్పాల్సిన పాఠం చెప్పకుండా తెచ్చాను."

"అంకె లేకుండా తాళం ఏ లెక్కన ఇవ్వాలి?"

ఆయన మా దిక్కు తిరిగినాడు. "సరే. ఇప్పుడు తాళం మీకిచ్చామే అనుకోండి. మొదటి నీళ్లు ఎవరి మడికి?"

పారలు ఆగినాయి. తూము పక్కన పొలం ఉన్నవాడు మొదట పారించుకోవడం ఎక్కడైనా ఉన్నదే. అందరూ ఉరుకుందు దిక్కు చూసినారు. వాడు పార మీద గడ్డం ఆనించి, నా దిక్కు గడ్డం ఎగరేసినాడు.

"ఆ మూగనాయాలికి."

"వారిది ఎక్కడ?"

"అట్ట చివర. పోయినేడు వాని ఉల్లి ఎండింది. వాడు అడగడు సార్. అడిగే నోరుంటే నాకెందుకీ పీడ? చివర తడిస్తే నడుమ అందరికీ వచ్చినట్టే కదా." అని ఊపిరి తీసుకొని, "నువ్వేందయ్యా ఇంజనీరూ, చొక్కా నలుగుతాదని కొయ్య మాదిరి నిలబడినావు? రొట్టెలు వచ్చినాయి. కూచో!" అన్నాడు.

తిరుపాలక్క తల పట్టుకుంది. పెట్టె ఒక్కసారి కీచుమంది.

సారు వంగి బూట్లు విడిచినాడు. పక్కన పెట్టి, గట్టు మీద మా నడుమ కూచున్నాడు. మడిచిన కాలికి జేబులోది ఏదో గుచ్చుకున్నట్టుంది. తీసినాడు. తూము తాళం. దాన్ని ఉరుకుందు పార పక్కన పెట్టి, చేతులు కడుక్కోవడానికి నీళ్లు అడిగినాడు.

సుంకులమ్మ జొన్నరొట్టెలు విరిచి అందరి చేతుల్లో పెట్టింది. సారు చేతిలో ఒకటి, డాక్టరమ్మ చేతిలో ఒకటి. శెనక్కాయల పచ్చడి, చితక్కొట్టిన ఉల్లిగడ్డ. నరసక్కవ్వ మజ్జిగ పోసింది. ఆకలి మీద ఉన్నాం. ఎవరూ మాట్లాడలేదు. పైన మబ్బు చిక్కబడింది, ఈసారి మబ్బేనని నమ్మొచ్చు. ఉరుకుందు తన పచ్చడిలో సగం తీసి నా రొట్టె మీద వేసినాడు.

డాక్టరమ్మ నమలడం ఆపి, పక్కనున్న పెట్టె దిక్కు చూసింది. నేనూ చూసినా.

మాట లేదు, అని ఉంది.

ఆమె దాన్ని మెల్లగా బోర్లించి, మళ్లీ తినసాగింది.